బట్టల ప్యాటర్న్ అంటే ఏంటి? అది కుట్టేవారి చేతికి వస్తే ఏం మారుతుంది? బస్తర్ నుంచి ఒక వివరణ

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా గీదం దగ్గర హారం అనే ఊళ్లో 2021 జనవరిలో ఒక బట్టల ఫ్యాక్టరీ మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ దాన్ని ప్రారంభించారు. అక్కడ తయారయ్యే దుస్తులకు ‘డానెక్స్’ అని పేరు పెట్టారు. ‘దంతెవాడ నెక్స్ట్’ అనే మాటల్ని కుదించి చేసిన పేరు అది. తర్వాత బార్సూర్, కాటేకల్యాణ్ లాంటి చోట్ల కూడా యూనిట్లు వచ్చాయి. మిషన్ల మీద కూర్చున్నది ఆ చుట్టుపక్కల ఊళ్ల మహిళలు. తుపాకుల వార్తలతోనే బయటివారికి తెలిసిన జిల్లా పేరు చొక్కా కాలర్ మీద లేబుల్‌గా రావడంతో అప్పట్లో దేశమంతా దీని గురించి మాట్లాడుకున్నారు.

ఆ వార్తల్లో పెద్దగా చర్చకు రాని ప్రశ్న ఒకటుంది. గార్మెంట్ ఫ్యాక్టరీ లైన్‌లో కూర్చున్నవారి ముందుకు గుడ్డ అప్పటికే ముక్కలుగా కోసి వస్తుంది. కాలర్ ముక్క, చెయ్యి ముక్క, ముందు భాగం, వెనక భాగం. వాటిని కలిపి కుట్టడం ఆమె పని. ఆ ముక్కల ఆకారం ఎక్కడ పుట్టింది? ఎవరి ఒంటి కొలతతో పుట్టింది? ఆ ఆకారం గీసిన కాగితాన్నే ప్యాటర్న్ అంటారు.

కుట్టుపనిలో కూలికి, నైపుణ్యానికి మధ్య గీత ఈ కాగితం దగ్గరే ఉంది. మన ఊళ్లలోనూ టైలర్ షాపులో ‘మాస్టర్’ అని పిలిచేది మిషన్ తొక్కేవారిని కాదు, కత్తెర పట్టినవారిని. తన బట్టలు తానే కుట్టుకోవాలనుకునే ఎవరికైనా, టైలరింగ్‌తో బతుకుదామనుకునే ఎవరికైనా అసలు మెట్టు అదే. ప్యాటర్న్ ఎలా పుట్టింది, ఎలా గీస్తారు, బస్తర్ లాంటి చోట దానికి అంత ప్రాముఖ్యం ఎందుకు అన్నది ఈ కథనం.

ప్యాటర్న్ అంటే ఏంటి?

ఒళ్లు గుండ్రంగా, ఎత్తుపల్లాలతో ఉంటుంది. గుడ్డ చదునుగా ఉంటుంది. చదునైన గుడ్డను ఏ ఆకారంలో కోస్తే, కలిపి కుట్టాక ఒంటికి సరిపోతుందో చెప్పే కాగితపు నమూనాయే ప్యాటర్న్. తెలుగునాట జాకెట్లు కుట్టేవారు దీన్ని ‘పేపర్ కటింగ్’ అంటారు. హిందీ ప్రాంతపు దర్జీలు ‘ఫర్మా’ అంటారు.

కాగితం లేకుండా కుట్టే పద్ధతి మన దగ్గర మరొకటి ఉంది. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి టైలర్‌కు ఇచ్చి, దీని ప్రకారం కుట్టమంటాం. ఆ ఆది జాకెట్టు కూడా ఒక రకంగా ప్యాటర్నే. కాకపోతే దానిలో ఉన్న తప్పు కొత్త జాకెట్టులోకి కూడా వస్తుంది. ఒళ్లు మారితే దాన్ని ఎక్కడ సరిదిద్దాలో అది చెప్పదు. కాగితం మీద గీసుకుంటే ఏ గీత ఏ కొలత నుంచి వచ్చిందో తెలుస్తుంది. నడుము రెండంగుళాలు పెరిగితే ఒక్క గీత జరిపితే చాలు.

మంచి ప్యాటర్న్ మీద గీతలతో పాటు కొన్ని గుర్తులూ ఉంటాయి. పడుగు ఏ వైపు ఉండాలో చూపే బాణం, ‘మడత మీద పెట్టాలి’ అనే గుర్తు, రెండు ముక్కలు ఎక్కడ కలవాలో చెప్పే చిన్న గాట్లు, డార్ట్‌ల చోటు, కుట్టు కోసం వదిలే మార్జిన్. ఈ గుర్తులు చదవడం వస్తే, ఎక్కడో ఎవరో గీసిన చొక్కాను మీ ఇంట్లో కుట్టుకోవచ్చు.

కాగితం అమ్ముడుపోయే సరుకు ఎలా అయింది?

దుస్తుల కటింగ్‌ను పుస్తకంలో పెట్టినవారిలో స్పెయిన్ దర్జీ హువాన్ డి ఆల్సెగా ముందువరసలో ఉంటారు. ఆయన పుస్తకం 1580లో అచ్చయింది. గుడ్డ వృథా కాకుండా ముక్కల్ని ఎలా అమర్చాలన్నది అందులో ప్రధాన విషయం. కానీ అది తోటి దర్జీల కోసం రాసింది. ఆ తర్వాత కూడా చాలాకాలం కటింగ్ విద్య గురువు నుంచి శిష్యుడికి, అదీ ఎక్కువగా మగవారి మధ్యే నడిచింది.

ఇంట్లో ఉన్న ఆడవారి చేతికి అది పెద్ద ఎత్తున చేరింది అమెరికాలో. 1863లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్‌లో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ, వేర్వేరు సైజుల్లో కాగితపు ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టారు. అంతకుముందు కూడా ప్యాటర్న్‌లు దొరికేవి. కానీ ఒకే సైజులో ఉండేవి, కొన్నవారే పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. బటరిక్ ఆ పని తానే చేసి ఇచ్చారు. మెక్‌కాల్, వోగ్, సింప్లిసిటీ కంపెనీలు తర్వాత అదే దారిలో వచ్చాయి. జర్మనీలో ఎన్నె బుర్దా 1950లో మొదలుపెట్టిన పత్రిక, 1952 నుంచి ప్యాటర్న్ షీట్‌లను పత్రికతోనే ఇచ్చింది. యుద్ధంలో చితికిన దేశంలో కొత్త గౌను కొనలేని మహిళలు దాన్ని చూసి కుట్టుకున్నారు.

ఇదంతా కుట్టు మిషన్ వెంట నడిచిన కథ. ఐజాక్ సింగర్ తన మిషన్‌కు 1851లో పేటెంట్ తీసుకున్నారు. యంత్రాలంటే అనుమానంగా చూసిన గాంధీజీ కూడా 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. మనిషి ప్రయోజనకరంగా కనిపెట్టిన కొద్ది వస్తువుల్లో అదొకటని ఆయన అభిప్రాయం. భార్య కుట్టుపనితో పడే శ్రమ చూసి, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశారన్నది ఆయన చెప్పిన కారణం. 1930లలో కోల్‌కతా కేంద్రంగా ‘ఉషా’ మిషన్లు రావడంతో కుట్టు మిషన్ భారతీయ ఇళ్లకు దగ్గరైంది. పెళ్లి సామానులో చోటు సంపాదించింది.

అయితే ఇక్కడ మిషన్ వచ్చినంతగా కాగితం రాలేదు. చీర, ధోవతి, దుప్పటా కుట్టక్కరలేని బట్టలు. కుట్టాల్సిన జాకెట్టు, చొక్కాలకు వీధి చివర టైలర్ ఉన్నారు, కూలి తక్కువ. అమెరికాలోలా ప్యాటర్న్ కవర్ కొనుక్కొచ్చి కుట్టుకునే అలవాటు ఇక్కడ పెద్ద మార్కెట్ కాలేదు. కటింగ్ విద్య మాస్టర్ దగ్గరే ఉండిపోయింది.

బస్తర్‌లో గుడ్డ కథ: కొలత మగ్గం మీదే

నేటి బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి: బస్తర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా, నారాయణ్‌పూర్, కొండగావ్, కాంకేర్. ఈ నేల పేరులోనే గుడ్డ ఉందని ఒక జనశ్రుతి. కాకతీయ రాజ్యం పతనమయ్యాక వరంగల్ నుంచి వచ్చిన అన్నమదేవుడికి దంతేశ్వరి అమ్మవారు తన వస్త్రం పరిచి రాజ్యం చూపించిందని, ‘వస్త్రం’ నుంచే బస్తర్ అన్న పేరు వచ్చిందని చెబుతారు. వెదురు నీడ అనే అర్థం నుంచి వచ్చిందనే వాదనా ఉంది. ఏది నిజమైనా, అమ్మవారి వస్త్రం కత్తెర పడని వస్త్రం. ఈరోజుకీ దంతెవాడ దంతేశ్వరి ఆలయంలోకి మగవారు ప్యాంటుతో వెళ్లకూడదు, ధోవతి కట్టుకోవాలి.

ఇక్కడి ఆదివాసీ మహిళల సంప్రదాయ వస్త్రం ‘పాటా’. రంగు వేయని ముదురు తెలుపు నూలు మీద, ఆల్ అనే చెట్టు వేరు నుంచి తీసిన ఎరుపు, కాఫీ గింజ రంగులతో అంచులు, బొమ్మలు నేస్తారు. తెలుగులో తొగరు అని పిలిచే చెట్టు జాతే ఆల్. ఈ గుడ్డ నేసేది ప్రధానంగా పనికా కులస్తులు. ఒడిశా సరిహద్దుకు అటువైపు కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో ఇదే తరహా నేత ఉంది. దానికి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బస్తర్ దసరాకు అనుమతి ఇచ్చే ‘కాఛన్ గాది’ తంతులో ముళ్ల ఊయల మీద కూర్చునేది కూడా ఈ కులపు బాలికే. నేతగాళ్ల ఇంటి బిడ్డ ఒప్పుకుంటేనే రాజు పండుగ మొదలవుతుంది.

పాటా వస్త్రానికి ప్యాటర్న్ అక్కర్లేదు. ఎన్ని మూరలు, ఎంత పన్నా అన్నది మగ్గం మీదే తేలిపోతుంది. మగ్గం దిగాక కోసేదీ లేదు, వృథా అయ్యేదీ లేదు. కడుపుతో ఉన్నా, చిక్కిపోయినా, వయసు మీదపడినా అదే గుడ్డ సరిపోతుంది. ఒంటిని బట్టి కట్టు మారుతుంది కానీ గుడ్డ మారదు. కుట్టని బట్టను వెనకబాటుగా చూసే చూపు ఒకటుంది. నిజానికి ‘సైజు’ అనే సమస్యను అది వేరేలా పరిష్కరించుకుంది.

ఆ పరిష్కారం ఇప్పుడు వెనక్కి జరుగుతోంది. స్కూలుకు వెళ్లే అమ్మాయికి యూనిఫాం కావాలి, కాలేజీకి సల్వార్ కమీజ్ కావాలి, చీర కట్టినా జాకెట్టు కావాలి. సంతలో రెడీమేడ్ చవగ్గా దొరుకుతుంది. నేతగాడికి, కట్టుకునే మనిషికి మధ్య ఉన్న నేరు సంబంధంలోకి ముగ్గురు కొత్తవారు వచ్చారు: ప్యాటర్న్ గీసేవారు, కోసేవారు, కుట్టేవారు. బస్తర్ మహిళలకు ఇప్పటివరకు ఎక్కువగా దక్కింది మూడో చోటు.

సైజులు యూనిఫాం నుంచే ఎందుకు పుట్టాయి?

కుట్టు మిషన్ తొలి పెద్ద పని యూనిఫాం. 1830లో ఫ్రాన్స్‌లో పేటెంట్ పొందిన బార్తెలెమీ తిమోనియే మిషన్లు సైనికుల దుస్తులే కుట్టాయి. తమ పొట్ట కొడుతున్నాయని దర్జీలు గుంపుగా వచ్చి ఆ మిషన్లను ధ్వంసం చేశారు. అమెరికా అంతర్యుద్ధంలో లక్షలాది సైనికులకు దుస్తులు కావాల్సి వచ్చినప్పుడు, మగవారి ఛాతీ, నడుము కొలతల్లో కొన్ని జతలు మళ్లీమళ్లీ వస్తాయని తెలిసింది. రెడీమేడ్ సైజులకు అది పునాది అయింది.

బస్తర్‌లోనూ యూనిఫాం కథ ఉంది, అయితే రెండు వైపులా ఉంది. అడవిలో భద్రతా దళాలు స్వాధీనం చేసుకున్నామని ప్రకటించే మావోయిస్టుల సామగ్రి జాబితాల్లో తుపాకులు, పేలుడు పదార్థాలతో పాటు కుట్టు మిషన్లు కూడా చాలాసార్లు కనిపించాయి. దళాల ఆలివ్ గ్రీన్ దుస్తులు అడవిలోనే కుట్టేవారు. 2025 అక్టోబర్ 17న జగ్‌దల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు ఆయుధాలు వదిలినప్పుడు, వారిలో చాలామంది ఒంటిమీద ఉన్నవి అవే దుస్తులు. లొంగిపోయినవారి కోసం ప్రభుత్వం నడిపే పునరావాస కేంద్రాల్లో నేర్పే పనుల్లోనూ టైలరింగ్ ఉంది. బట్ట మారింది కానీ మిషన్ మాత్రం మారలేదు.

యూనిఫాంకు ఒక లక్షణం ఉంది. అది ఒంటిని బట్టి పుట్టదు, సైజు పట్టిక నుంచి పుడుతుంది. వందల జతలు త్వరగా కుట్టడానికి అది సరైన దారే. కానీ యూనిఫాం మాత్రమే కుట్టిన మనిషి, ఎదురుగా నిలబడ్డ ఒక ఒంటికి బట్ట గీయడం నేర్చుకోదు.

సైజు పట్టిక ఎవరి ఒంటిది?

అమెరికా వ్యవసాయ శాఖ కోసం 1939-40లో దాదాపు 15 వేల మంది మహిళల కొలతలు తీసి, 1941లో నివేదిక ప్రచురించారు. మహిళల సైజుల ప్రమాణాలకు ఆధారమైన తొలి పెద్ద సర్వే అది. లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి మహిళల కొలతలనే. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్యల వారసత్వం ప్రపంచమంతా పాకింది.

భారత్‌లో షాపుల్లో కనిపించే ఎస్, ఎం, ఎల్ అక్షరాలకు ఇటీవలి వరకు సొంత జాతీయ పట్టిక లేదు. కంపెనీలు అమెరికా, బ్రిటన్ సైజుల్నే అటూఇటూ సర్ది వాడుకున్నాయి. ఒక బ్రాండ్‌లో ఎం పట్టినవారికి ఇంకో బ్రాండ్‌లో ఎక్స్ఎల్ కావాల్సి రావడం ఇందుకే. ఈ లోటు తీర్చడానికి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ (నిఫ్ట్), కేంద్ర జౌళి శాఖతో కలిసి ‘ఇండియా సైజ్’ సర్వే చేపట్టింది. 15 నుంచి 65 ఏళ్ల వయసున్న 25 వేల మందికి పైగా మనుషుల్ని త్రీడీ స్కానర్లతో కొలవడం దాని లక్ష్యం. ఇందుకు ఎంచుకున్న నగరాలు ఆరు: ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్, షిల్లాంగ్.

విదేశీ పట్టిక కంటే ఇది ఎంతో మేలు. అయినా ఆ జాబితాలో ఉన్నవన్నీ నగరాలే. బరువులు మోసి, నాట్లు వేసి, తెల్లవారకముందే ఇప్పపూలు ఏరుకునే ఒంటికి భుజం వెడల్పు, వీపు వెడల్పు, చెయ్యి ఎత్తే తీరు వేరుగా ఉండొచ్చు. పట్టిక ఎంత మంచిదైనా అది సగటే. సగటు మనిషి ఎక్కడా ఉండరు. ఒక ఒంటికి సరిగ్గా పట్టే బట్ట కావాలంటే ఆ ఒంటినే కొలవాలి. సొంతంగా ప్యాటర్న్ గీయడంలో ఉన్న బలం అదే.

ఒక కుర్తా ప్యాటర్న్ ఎలా గీస్తారు?

ఉదాహరణకు ఛాతీ 36, హిప్ 38, భుజం 14, పొడవు 40 అంగుళాలు ఉన్న మనిషికి మామూలు నేరు కుర్తా అనుకుందాం. కావాల్సినవి పెద్ద కాగితం (పాత న్యూస్‌పేపర్లు అతికించినా చాలు), టేపు, స్కేలు, పెన్సిల్.

మొదట తేల్చుకోవాల్సింది లూజు. ఒంటి కొలత ఎంతో బట్ట కొలత అంతే పెడితే చెయ్యి ఎత్తలేం. జాకెట్టుకు ఒకటి రెండు అంగుళాలు సరిపోతాయి. కుర్తాకు నాలుగు అంగుళాలు వేసుకుందాం. అంటే ఛాతీ 40, హిప్ 42. గుడ్డను మడతపెట్టి కోస్తాం కాబట్టి, ముందు భాగంలో సగం, అంటే మొత్తంలో నాలుగోవంతు గీస్తే చాలు. ఛాతీ దగ్గర 10, హిప్ దగ్గర 10.5 అంగుళాలు.

కాగితం ఎడమ అంచు మడత అనుకోండి. పై నుంచి భుజానికి సగం, అంటే 7 అంగుళాలు పక్కకు కొలవండి. మెడ వెడల్పు సగానికి 3 అంగుళాలు. ముందు మెడ లోతు మీ ఇష్టం, 6 అంగుళాలు అనుకుందాం. భుజం చివర అర అంగుళం కిందికి దించాలి, ఎందుకంటే భుజాలు వాలుగా ఉంటాయి. చంక లోతుకు చాలామంది టైలర్లు వాడే లెక్క ఒకటుంది: ఛాతీలో ఆరోవంతు, దానికి ఒకటిన్నర. ఇక్కడ 36ను ఆరుతో భాగిస్తే 6, ఒకటిన్నర కలిపితే ఏడున్నర. ఆ లోతులో 10 అంగుళాల దగ్గర చుక్క పెట్టి, భుజం చివర నుంచి అక్కడికి వంపు గీయాలి. ముందు భాగంలో ఈ వంపు వెనక దానికంటే అర అంగుళం లోపలికి ఉంటుంది. చేతులు ముందుకు కదిలేటప్పుడు గుడ్డ పోగుపడకుండా ఉండటానికి ఇది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. చెయ్యి బాగా ఆడాలంటే చంక లోతు పెంచాలనుకుంటారు. జరిగేది దానికి రివర్స్. చంక ఎంత కిందికి దిగితే, చెయ్యి ఎత్తినప్పుడు కుర్తా మొత్తం అంత పైకి లేస్తుంది. చంకకు దగ్గరగా కోసి, వీపు వెడల్పులో, చెయ్యి వెడల్పులో లూజు ఇస్తేనే పని చేసుకునే మనిషికి సుఖం.

తర్వాత హిప్ గీత, కింది అంచు, పక్క చీలిక ఎక్కడ మొదలవ్వాలో గుర్తు. చివరగా మార్జిన్: పక్కల్లో ఒక అంగుళం, భుజానికి అర అంగుళం, కింద మడతకు ఒక అంగుళం. పక్క మార్జిన్‌లో పిసినారితనం వద్దు. రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి ఉండేది అదే. చెయ్యి ముక్క పైభాగపు వంపును టేపు నిలబెట్టి కొలిస్తే, అది చంక చుట్టుకొలత కంటే అర అంగుళం నుంచి ఒక అంగుళం ఎక్కువ రావాలి. తక్కువైతే చెయ్యి అతకదు, మరీ ఎక్కువైతే భుజం మీద ముడతలు పడతాయి.

కోసేముందు

నూలు గుడ్డను ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయాలి. కుట్టాక కుంచించుకుపోతే ప్యాటర్న్ చేసిన లెక్కంతా పోతుంది. పడుగు పోగులు కుర్తా పొడవునా నిలువుగా రావాలి. పక్కకు వంగితే నాలుగు ఉతుకుల తర్వాత కుర్తా మెలి తిరుగుతుంది. క్రాస్ కటింగ్‌లో గుడ్డ సాగుతుంది కాబట్టి జాకెట్టు ఒంటికి అతుక్కున్నట్టు పడుతుంది, గుడ్డ మాత్రం ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు గుడ్డ లెక్క. హిప్ దగ్గర 10.5కి మార్జిన్ ఒకటి కలిపితే 11.5, మడత విప్పితే 23 అంగుళాలు. 44 అంగుళాల పన్నాలో ముందు, వెనక భాగాలు పక్కపక్కన పట్టవు, 46 కావాలి. కాబట్టి ఒకదాని కింద ఒకటి పెట్టాలి: 41.5 చొప్పున రెండింటికి 83 అంగుళాలు, అంటే సుమారు 2.1 మీటర్లు. పక్కన 21 అంగుళాల పట్టీ మిగులుతుంది. చేతులు, మెడ పట్టీ, జేబు అందులో వచ్చేస్తాయి. రెండుంపావు మీటర్లు చాలు. షాపులో అలవాటుగా కోసి ఇచ్చేది రెండున్నర. ఒక్క కుర్తాలో పావు మీటర్ పెద్ద విషయం కాదు. వంద కుర్తాల ఆర్డర్‌లో అది 25 మీటర్లు. ఫ్యాక్టరీల్లో ముక్కల్ని అమర్చే ‘మార్కర్’ పనికి అంత విలువ ఇందుకే.

పన్నా తక్కువున్న మగ్గం గుడ్డకైతే పాత పద్ధతి మేలు. మధ్యలో నిలువు చట్రం, పక్కల కలీలు, చంక కింద చిన్న చదరపు ముక్క. ఇవన్నీ నేరు గీతలతో కోసే ముక్కలే కాబట్టి దాదాపు ఏమీ వృథా కాదు. ఉత్తర భారతపు కలీదార్ కుర్తా వెనక ఉన్న తెలివి అదే. చేనేతగాడు కష్టపడి నేసిన గుడ్డలో ఆరోవంతు చెత్తబుట్టలోకి పంపని ప్యాటర్న్ అది. పాటా గుడ్డతో, కోసా పట్టుతో నేటి దుస్తులు చేయాలనుకునేవారు చూడాల్సింది ఇటువైపే.

ఇక ఆఖరి జాగ్రత్త: కొత్త ప్యాటర్న్‌ను ముందు పాత దుప్పటి మీదో, పాత చీర మీదో కోసి, పొడుగు కుట్లు వేసి తొడిగి చూడండి. తప్పు కనిపిస్తే గుడ్డ మీద కాక కాగితం మీద దిద్దండి. అలా ఒకసారి సరైన ప్యాటర్న్‌ను అట్ట మీదికి ఎక్కించుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ప్యాటర్న్‌లు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?

ఇప్పుడు ప్యాటర్న్‌లు పీడీఎఫ్ రూపంలో కొనుక్కోవచ్చు, కొన్ని ఉచితంగానూ దొరుకుతాయి. ఏ4 కాగితాల మీద ప్రింట్ తీసి, వరసగా అతికించుకోవాలి. ప్రతి ఫైల్‌లో ఒక కొలత చదరం ఉంటుంది. ప్రింట్ తీశాక ముందుగా దాన్ని స్కేలుతో కొలవాలి. ప్రింటర్ ‘పేజీకి సరిపెట్టు’ అనే సెట్టింగ్‌లో ఉంటే అంతా కొద్దిగా కుంచించుకుపోతుంది, కుట్టాక గానీ తెలియదు. కొలతలు ఇస్తే ప్యాటర్న్ గీసిపెట్టే ఫ్రీసూయింగ్, వాలెంటీనా లాంటి ఓపెన్ సోర్స్ సాధనాలు ఉచితంగా ఉన్నాయి. చిక్కల్లా వీటి భాష ఇంగ్లిష్ లేదా యూరప్ భాషలు కావడం, నమూనాల్లో ఎక్కువ అక్కడి దుస్తులే కావడం. చోళీ, కటోరి జాకెట్టు, పటియాలా సల్వార్ కోసం మనవారు ఆశ్రయించేది యూట్యూబ్ కటింగ్ వీడియోలను. తెలుగులో వాటికి కొదవ లేదు. హల్బీలో, గోండీలో వెతికేవారికి ఆ సౌకర్యం లేదు.

శిక్షణ ఎంత, ఏం నేర్పాలి?

కేంద్రం 2023 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, దర్జీ పని అందులో ఒకటి. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు. ఆ రోజుల్లో రోజుకు రూ. 500 భృతి, పనిముట్ల కోసం రూ. 15,000 వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రూపాయల రుణం దీని ప్రధాన అంశాలు. ఉషా కంపెనీ 2011 నుంచి నడుపుతున్న ‘సిలాయి స్కూల్’ పద్ధతి వేరు. ఊళ్లో ఒక మహిళకు శిక్షణ, మిషన్ ఇస్తారు. ఆమె తన ఊళ్లో మరికొందరికి నేర్పుతుంది.

మిషన్ ఇవ్వడం తేలిక, లెక్క చెప్పుకోవడం ఇంకా తేలిక: ఇన్ని మిషన్లు పంచాం, ఇంతమందికి నేర్పాం. నేరుగా కుట్టడం వారం రోజుల్లో పట్టుబడుతుంది. ప్యాటర్న్ గీయడానికి అది చాలదు. నాలుగోవంతు, ఆరోవంతు లెక్కలు కావాలి, పదిమంది ఒళ్లు కొలిచిన అనుభవం కావాలి, గుడ్డ పాడుచేసే స్వేచ్ఛ కావాలి. బడి మధ్యలో మానేసిన మహిళకు భిన్నాల లెక్క దగ్గరే పని ఆగిపోవచ్చు. అందుకే మంచి శిక్షకులు లెక్కను కాగితం మడతలతో చెబుతారు. టేపును సగానికి, మళ్లీ సగానికి మడిస్తే నాలుగోవంతు వచ్చేసినట్టే.

ఈ తేడా డబ్బులో కనిపిస్తుంది. కోసి ఇచ్చిన ముక్క కుట్టేవారికి జతకింత అని కూలి. ఆర్డర్ వస్తే పని, లేకపోతే మిషన్ మీద ముసుగు. తెలంగాణలో 2024 నుంచి సర్కారు బడి పిల్లల యూనిఫాం పనిని మహిళా సంఘాలకు అప్పగించారు. అక్కడా ఇదే ప్రశ్న: బడులు తెరిచే ముందు చేతినిండా పని, తర్వాతి నెలల్లో ఏంటి? పక్కింటి పెళ్లికూతురి జాకెట్టు కొలిచి, గీసి, కోసి కుట్టగలిగితే ఆ తర్వాతి నెలల్లోనూ పని ఉంటుంది. ధర ఆమే చెబుతుంది.

డానెక్స్ లాంటి ఫ్యాక్టరీలు బస్తర్ మహిళలకు జీతం, బ్యాంకు ఖాతా, బయటి ప్రపంచంతో పరిచయం తెచ్చాయి. అది చిన్న మార్పు కాదు. ఆ తర్వాతి మెట్టు ఖరీదైనదీ కాదు. ప్రతి యూనిట్‌లో కటింగ్ టేబుల్ దగ్గర స్థానిక మహిళలకు చోటు, వారి ఒంటి కొలతలతో తయారైన ఒక సైజు పట్టిక, హల్బీ, గోండీ మాటల్లో గుర్తులున్న అరడజను అట్ట ప్యాటర్న్‌లు. ఒకప్పుడు ఇక్కడ కట్టుకునే మనిషి చెప్పిన మూరల లెక్కకే మగ్గం ఆడింది. కుట్టు బట్ట కాలంలో ఆ మాట మళ్లీ చెప్పగలగాలంటే మిషన్‌తో పాటు టేపు, పెన్సిల్, కత్తెర కూడా ఆమెకు అందాలి.